పిందె వయసు

ఎండాకాలం. మామిడి కోతల రోజులు. రెడ్డిగూడెం చుట్టూ తోటల్లో పొద్దు పొడవక ముందే మనుషుల అలికిడి. ఒక ఇంట్లో తల్లి చీకటితోనే లేస్తుంది. అన్నం వండి మూత పెట్టి తోట పనికి వెళ్తుంది. రోజంతా కాయలు ఏరుతుంది. మచ్చ కాయ వేరు, మంచి కాయ వేరు చేసి ట్రేల్లో సర్దుతుంది. పొద్దు వాలాక ఇంటికి వస్తుంది. ఈ ఇల్లు ఫలానావాళ్లది అని కాదు. ఇలాంటి ఇల్లు ప్రతి వీధిలోనూ ఉంది.

ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలు. పెద్దది ఆడపిల్ల. 12 ఏళ్లు. ఏడో తరగతి అయిపోయింది. చిన్నవాడికి 8 ఏళ్లు. మూడో తరగతి. తండ్రి ట్రాక్టరు తోలతాడు. ఇంటి దగ్గర నాయనమ్మ ఉంటుంది.

ఒకరోజు తల్లి వచ్చేసరికి చిన్నవాడు అరుగు మీద కూర్చుని ఏడుస్తున్నాడు.

"ఏమైందిరా?"

"నన్ను ఆటలోంచి తీసేశారు."

లోపల పెద్దపిల్ల అద్దం ముందు నిలబడి ఉంది. వేసిన జడ విప్పుతోంది. విప్పిన జడ మళ్లీ వేస్తోంది.

"అమ్మా, నా ముక్కు ఇట్టా ఎందుకుంది?"

తల్లికి నవ్వొచ్చింది. నవ్వింది. అంతే, పిల్ల ముఖం ఎర్రబడింది. తలుపు ధనామని వేసుకుంది. తల్లి బయటే నిలబడిపోయింది. నిన్న మొన్నటి దాకా కొంగు పట్టుకుని తిరిగిన పిల్ల ఇది!

నాయనమ్మ అంది: "అన్నం ఉంది. కట్టుకోను బట్ట ఉంది. వీళ్లకి ఏం కష్టం వచ్చిందే అమ్మాయ్?"

నాయనమ్మ అడిగింది మంచి ప్రశ్న. ఆ కష్టం ఏమిటో ఈ పాఠంలో చూద్దాం.

బిడ్డ పుట్టిన దగ్గర నుంచి ఐదేళ్ల దాకా అందరి కళ్లూ బిడ్డ మీదే. అంగన్‌వాడీలో బరువు తూస్తారు. టీకాలు వేస్తారు. మొదటి అడుగు, మొదటి మాట అందరూ చెప్పుకుంటారు. బడిలో వేశాక మన చూపు తగ్గిపోతుంది. "వాడి తిండి వాడు తింటున్నాడు, వాడి బడికి వాడు పోతున్నాడు" అనుకుంటాం. కానీ 6 ఏళ్ల నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల మనసు చాలా మారుతుంది. బరువు పెరిగితే తక్కెడ చెబుతుంది. మనసు పెరిగితే చెప్పే తక్కెడ లేదు. మనమే కనిపెట్టాలి.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ఒకే రకం గ్లాసులు రెండు తీసుకోండి. రెంటిలోనూ సమానంగా నీళ్లు పోయండి. ఐదేళ్ల బిడ్డను పిలిచి చూపించండి. "రెండూ సమానమేనా?" అంటే "సమానమే" అంటుంది. ఇప్పుడు ఒక గ్లాసు నీళ్లు సన్నటి పొడుగు సీసాలో పోయండి. రెండో గ్లాసు నీళ్లు వెడల్పు పళ్లెంలో పోయండి. "ఎందులో ఎక్కువున్నాయి?" అని అడగండి. ఐదేళ్ల బిడ్డ సీసా చూపిస్తుంది. నీళ్లు పైదాకా కనపడుతున్నాయి కదా! అదే ప్రశ్న ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి అడగండి. వాడు నవ్వుతాడు. "పోసింది అవే నీళ్లుగా!" అంటాడు.

ఇలాంటి పరీక్షలు పియాజే అనే ఆయన చేశాడు. ఆయన 1896లో స్విట్జర్లాండు దేశంలో పుట్టాడు. జీవితమంతా పిల్లలు ఎలా ఆలోచిస్తారో చూస్తూ గడిపాడు. సుమారు ఏడేళ్ల దగ్గర పిల్లల ఆలోచన ఒక మలుపు తిరుగుతుందని ఆయన చెప్పాడు. అంతకు ముందు కంటికి కనపడిందే నిజం. ఆ తర్వాత కంటికి కనపడినదాన్ని బుద్ధితో సరిచూస్తారు. ఒక్కో బిడ్డకు ఏడాది అటూ ఇటూ కావచ్చు. దానికి కంగారు పడక్కర్లేదు.

ఈ తెలివి వచ్చాక పిల్లవాడు లెక్క చేస్తాడు. చిల్లర సరిగ్గా తెస్తాడు. దాంతో పాటు ఇంకొకటి కూడా వస్తుంది. మనల్ని కూడా లెక్క కడతాడు! "అక్కకి రెండు ముక్కలు వేశావు, నాకు ఒకటే వేశావు." "నిన్న కొంటానన్నావు, ఇవాళ లేదంటున్నావు." ఇది పొగరు కాదు. సమానం అంటే ఏమిటో వాడి బుద్ధికి ఇప్పుడే అందింది. దాన్ని అన్నిచోట్లా వేసి చూస్తున్నాడు.

ఇక ఆట సంగతి. చిన్నవాడు ఏడ్చింది గోళీల ఆట దగ్గర. పియాజే గోళీల ఆటను కూడా వదల్లేదు. పిల్లల దగ్గర కూర్చుని "ఈ ఆట ఎలా ఆడాలి? ఈ పద్ధతి ఎవరు పెట్టారు? మార్చొచ్చా?" అని అడిగాడు. దాని మీద 1932లో పుస్తకం వేశాడు. చిన్నపిల్లలు "పద్ధతి పెద్దవాళ్లు పెట్టారు, మార్చకూడదు" అన్నారు. పది, పన్నెండేళ్ల పిల్లలు "అందరం ఒప్పుకుంటే మార్చుకోవచ్చు" అన్నారు. ఆలోచిస్తే ఇది చాలా పెద్ద మాట. పంచాయతీ నడిచేదీ, పొదుపు సంఘం నడిచేదీ ఆ ఒప్పుకోలు మీదే కదా.

మన వీధిలో పిల్లలు గోళీలు ఆడేటప్పుడు చూడండి. ఆట కంటే తగువు ఎక్కువ. "గీత దాటావు." "దాటలేదు." "తొండి!" ఆ తగువులోనే పిల్లలు నేర్చుకుంటారు. ఎదుటివాడి మాట వినడం, తన మాట నిలబెట్టుకోవడం, ఓడిపోయి కూడా మర్నాడు మళ్లీ రావడం. ఇవి పలక మీద రాయించి నేర్పలేం. అందుకే పిల్లలు తగువు పడగానే పెద్దవాళ్లు కర్ర తీసుకుని వెళ్లకూడదు. కొట్టుకుంటుంటే ఆపాలి. ఉత్త మాటలైతే వదిలేయాలి.

ఆ సాయంత్రం తల్లి చేసింది కూడా అదే. ఎవరింటికీ తగువుకు వెళ్లలేదు. పక్కన కూర్చుని "అసలు ఏం జరిగింది?" అంది. కాసేపటికి అసలు సంగతి బయటికి వచ్చింది. వీడు రెండుసార్లు తొండి చేశాడు. "మరి రేపు ఏం చేస్తావు?" అంది. వాడు ముక్కు తుడుచుకుని "తొండి చెయ్యనని చెప్తా" అన్నాడు. మర్నాడు వాణ్ణి ఆటలో కలుపుకున్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఈ ఆటల బడి మగపిల్లలకు దొరికినంత ఆడపిల్లలకు దొరకదు. ఎనిమిదేళ్లు వచ్చేసరికి ఆడపిల్ల చంకలో తమ్ముడు ఉంటాడు. లేకపోతే చేతిలో బిందె ఉంటుంది. వాకిట్లో తొక్కుడుబిళ్ళ గడులు గీసి ఉంటాయి, ఆడే పిల్ల ఉండదు. ఆడపిల్లకు పని నేర్పవద్దని ఎవరూ అనరు. కానీ అన్నను గోళీలకు పంపి చెల్లెలికి అంట్లు వేస్తే, సమానం తెలిసిన ఆ బుద్ధి అది కూడా లెక్క కట్టుకుంటుంది. "నేను తక్కువదాన్ని" అని లోపల రాసుకుంటుంది.

ఈ "లోపల రాసుకోవడం" గురించి ఎరిక్సన్ అనే ఇంకొకాయన చెప్పాడు. ఆయన జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డాడు. 1950లో బాల్యం మీద ఒక పుస్తకం రాశాడు. బడి వయసులో పిల్లల మనసులో ఒక పోరాటం ఉంటుందన్నాడు. ఒక పక్క "నాకు చేతనవును". ఇంకో పక్క "నాకు చేతకాదు". రోజూ జరిగే చిన్న చిన్న పనులను బట్టి, చుట్టూ ఉన్నవాళ్ల మాటలను బట్టి, పిల్ల ఏదో ఒక పక్కకు మొగ్గుతుంది.

ఆ ఇంట్లో తండ్రి చెడ్డవాడు కాదు. కానీ చిన్నవాడు ఎక్కాల్లో తడబడితే "మొద్దు వెధవా, అక్కను చూసి సిగ్గు తెచ్చుకో" అంటాడు. తండ్రి ఆ మాట అని మర్చిపోతాడు. పిల్లవాడు మర్చిపోడు. పదిసార్లు విన్నాక పుస్తకం తీయడమే మానేస్తాడు. తీస్తే కదా తప్పు వచ్చేది! తీయకపోతే తప్పే రాదు. మనం దాన్ని బద్ధకం అంటాం. నిజానికి అది భయం.

ఇది ఎవరికైనా అర్థం కాకపోతే పోవచ్చు కానీ, పెద్దయ్యాక రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లకు అర్థం కాకుండా పోదు. మొదటిరోజు బలపం పట్టుకుంటే చెయ్యి ఎందుకు వణికింది? కొడవలి పట్టిన చెయ్యి, నాట్లు వేసిన చెయ్యి. బలం లేక వణకలేదు. "నీకు చదువు ఎక్కడ వస్తుందే" అని చిన్నప్పుడు ఎవరో అన్న మాట ముప్పై ఏళ్లయినా ఆ చేతిలోనే ఉంది.

మరి ఏం చేయాలి? ఊరికే పొగడమని కాదు. "నువ్వు చాలా తెలివైనవాడివి" అంటే పిల్లలు నమ్మరు. చేసిన పనిని చూసి చెప్పాలి. "నిన్న నాలుగో ఎక్కం దగ్గర ఆగిపోయావు. ఇవాళ సగం చెప్పావు." ఇలా చెబితే పిల్లవాడు నమ్ముతాడు. ఎందుకంటే అది నిజం.

ఆ ఇంట్లో ఒక రాత్రి తల్లి తన వాచకం తీసి చదువుకుంటోంది. "బడి... దిగి... వచ్చాడు" అని కూడబలుక్కుని చదివింది. పక్కన పడుకున్న చిన్నవాడు లేచాడు. "అమ్మా, అది బడి కాదు, బండి. సున్నా వదిలేశావు." తల్లి మళ్లీ చూసింది. నిజమే. "అవున్రా, నువ్వు చెప్పకపోతే తెలిసేది కాదు" అంది. వాడు దగ్గరికి జరిగాడు. ఆ పేజీ అంతా వేలు పెట్టి తల్లి చేత చదివించాడు. ఆ వారంలో నాలుగో ఎక్కం పూర్తిగా వచ్చింది. దానికీ దీనికీ ఏం సంబంధం అని తండ్రి అడిగాడు. తల్లి నవ్వి ఊరుకుంది.

కొట్టడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ చదువును హక్కు చేసింది. బడిలో పిల్లలను కొట్టకూడదని, మాటలతో మనసు హింసించకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది. ఇంటికి ఆ చట్టం రాకపోయినా, దెబ్బ ఎక్కడ తగిలినా దెబ్బే.

ఇప్పుడు పెద్దపిల్ల దగ్గరికి వద్దాం.

పది, పన్నెండేళ్ల దగ్గర ఆడపిల్లల ఒంట్లో మార్పు మొదలవుతుంది. మగపిల్లలకు ఒకటి రెండేళ్లు ఆలస్యం. అందుకే ఏడో తరగతిలో ఆడపిల్లలు పొడుగ్గా, మగపిల్లలు పొట్టిగా కనపడతారు. ఇద్దరికీ అదే పెద్ద బాధ. ఒళ్లు పెరుగుతుంటే "అందరూ నన్నే చూస్తున్నారు" అనిపిస్తుంది. ముఖం మీద చిన్న మొటిమ వస్తే ఊరంతా దాన్నే చూస్తున్నట్టు ఉంటుంది. అద్దం ముందు నిలబడేది షోకు కోసం కాదు. "ఇది నేనేనా?" అని చూసుకోవడం. అప్పుడు తల్లి నవ్వితే ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది.

కోపం కూడా అంతే. మెదడులో కోపం, భయం, సంతోషం పుట్టించే భాగం ఈ వయసులో చురుగ్గా లేస్తుంది. "ఆగు, ఆలోచించు" అని చెప్పే భాగం నెమ్మదిగా పెరుగుతుంది. అది పూర్తిగా పెరగడానికి సుమారు 25 ఏళ్లు పడుతుంది. ఎద్దుకు బలం వచ్చింది, పగ్గం ఇంకా పేనుతున్నారు. అందుకే నిమిషంలో ఏడుపు, నిమిషంలో నవ్వు. ఒంట్లో రక్తం తక్కువగా ఉన్నా నీరసం, చిరాకు వస్తాయి. 10 నుంచి 19 ఏళ్ల పిల్లలకు వారానికి ఒక నీలం రంగు ఐరన్ మాత్ర ఇచ్చే పద్ధతి ఉంది. పిల్ల అది మింగుతోందో, కిటికీలోంచి విసిరేస్తోందో కనుక్కోవాలి.

ఈ వయసులో స్నేహితులే లోకం. అమ్మకు చెప్పని మాట స్నేహితురాలికి చెబుతుంది. మగపిల్లలు జట్టుగా తిరుగుతారు. జట్టులో ఒకడు బీడీ ముట్టిస్తే, వద్దనడానికి మిగతావాళ్లకు గుండె చాలదు. "వాళ్లతో తిరగొద్దు" అంటే చాటుగా తిరుగుతారు. అంతకంటే ఆ జట్టును ఒకరోజు ఇంటికి పిలిచి మామిడికాయ ముక్కలు, ఉప్పూ కారం పెట్టండి. ఎవరు ఎలాంటివాళ్లో గంటలో తెలిసిపోతుంది.

మే నెలలో ఆ ఇంట్లో పెద్దపిల్ల పెద్దమనిషి అయింది. చుట్టాలు వచ్చారు. చాప వేసి కూర్చోబెట్టారు. చిమ్మిలి తినిపించారు. పదకొండో రోజున పందిరి వేశారు. అందరూ సంతోషంగా ఉన్నారు. పిల్ల మాత్రం ఎవరి ముఖమూ చూడలేదు.

భోజనాలయ్యాక మేనమామ అన్నాడు: "ఏం చెల్లెమ్మా, ఇక బడి ఎందుకు? మా వాడికి ఎట్టాగూ ఇరవై వచ్చాయి. రెండేళ్లు ఆగి ముడి వేసేద్దాం. ఈలోగా ఇంటి పని నేర్చుకుంటుంది."

తండ్రి తల ఊపాడు. అవునన్నాడో కాదన్నాడో తెలియలేదు. తల్లికి గొంతులో ఏదో అడ్డం పడింది. అందరి ముందూ ఏమీ అనలేకపోయింది.

ఆ రాత్రి నాయనమ్మ కోడలి పక్కన కూర్చుంది.

"నాకు పదకొండో ఏట పెళ్లి చేశారే అమ్మాయ్. వాకిట్లో తొక్కుడుబిళ్ళ ఆడుతున్నా. మా అమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఎవరో వచ్చారంది. తల దువ్వింది. నా బిళ్ళ మూడో గడిలోనే ఉండిపోయింది. మళ్లీ వెళ్లి తీసుకోనేలేదు."

కోడలు ఏమీ అనలేదు.

"మామిడి పిందె చూడు. కాయలాగే ఉంటుంది. కోసి ముగ్గేస్తే పండుతుందా? వడిలిపోతుంది" అంది నాయనమ్మ.

నాయనమ్మ బతుకులో పిల్లతనం ఉంది, కాపురం ఉంది. మధ్యలో ఏమీ లేదు. ఒళ్లు పెద్దదైతే మనిషి పెద్దదైనట్టే అనుకునేవాళ్లు. ఆ మధ్య వయసు ఆడపిల్లకు రావడానికి మన దేశంలో చాలాకాలం పట్టింది. 1929లో చేసిన శారదా చట్టం ఆడపిల్ల పెళ్లికి 14 ఏళ్లు ఉండాలంది. 1949లో దాన్ని 15 చేశారు. 1978లో 18 చేశారు. నాయనమ్మ పెళ్లి నాటికి కూడా చట్టం ఉంది. ఊళ్లో ఎవరికీ తెలియదు, తెలిసినవాళ్లు చెప్పలేదు. 2006లో చేసిన బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయడం నేరం. చేయించిన పెద్దలకు శిక్ష ఉంటుంది.

అయినా జరుగుతూనే ఉన్నాయి. 2019-21లో ప్రభుత్వం దేశమంతా కుటుంబ ఆరోగ్య సర్వే చేసింది. మన ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లను అడిగితే, నూటికి 29 మంది తమకు 18 నిండకుండానే పెళ్లయిందని చెప్పారు. అంటే నలుగురిలో ఒకరికి పైగానే. 18 నిండక ముందు కాన్పు వస్తే తల్లికి రక్తం తక్కువ కావడం, బీపీ పెరగడం, బిడ్డ బరువు తక్కువగా పుట్టడం ఎక్కువగా జరుగుతాయి. ఒళ్లు ఇంకా తన కోసమే పెరుగుతోంది. అప్పుడే ఇంకొక ప్రాణాన్ని పెంచమంటే ఎక్కడి నుంచి తెస్తుంది?

ఇంకొక సంగతి కూడా తెలుసుకోవాలి. 2002లో యంగ్ లైవ్స్ అనే పేరుతో ఒక పెద్ద పరిశీలన మొదలైంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,000 మంది పిల్లలను ఎంచుకున్నారు. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ, హైదరాబాదులోనూ ఆ పిల్లలు ఉన్నారు. కొన్నేళ్లకు ఒకసారి వాళ్ల ఇళ్లకు వెళ్లి కలిశారు. ఏం తింటున్నారు, ఏం చదువుతున్నారు, ఏం కావాలనుకుంటున్నారు అని అడిగారు. ఆ పిల్లలు అలా చూస్తుండగానే పెద్దవాళ్లయ్యారు. 15 ఏళ్లకు ఇంకా బడిలోనే ఉన్న ఆడపిల్లలకు 18 లోపు పెళ్లి కావడం చాలా తక్కువని తేలింది. మరి 15 ఏళ్లకు బడిలో ఉండాలంటే, 12 ఏళ్లకు బడి మానకూడదు.

మర్నాడు సాయంత్రం తల్లి, పిల్ల గోంగూర ఒలుస్తూ కూర్చున్నారు. ఎదురుగా కూర్చోబెట్టి "చెప్పవే" అంటే ఈ వయసు పిల్లలు నోరు విప్పరు. చేతులు పనిలో ఉంటే, కళ్లు ఆకు మీద ఉంటే, మాట దానంతట అదే వస్తుంది.

"అమ్మా, నేను ఇంక బడికి పోనా?"

"నీకు పోవాలని ఉందా?"

పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది: "ఉంది. కానీ భయంగా ఉంది. క్లాసులో బట్టలకి అంటితే? పోయినేడు ఒక అమ్మాయికి అట్టాగే అయితే వెనక బెంచీ వాళ్లు నవ్వారు. ఆ అమ్మాయి మళ్లీ వారం రోజులు రాలేదు."

తల్లి గోంగూర కాడ పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఊరంతా పెళ్లి గురించి, కట్నం గురించి మాట్లాడుతోంది. పిల్ల మనసులో ఉన్నది లంగా మీద మరక!

"నాకు అయినప్పుడు మా అమ్మ ఏమీ చెప్పలేదే. నేను చచ్చిపోతున్నాననుకున్నా" అంది తల్లి. పిల్ల తలెత్తి చూసింది. ఇద్దరూ నవ్వారు. తర్వాత తల్లి అన్నీ చెప్పింది. ఇది జబ్బు కాదని చెప్పింది. మైల అనుకుని మూల కూర్చోనక్కర్లేదంది. గుడ్డ వాడితే మెత్తటి నూలు గుడ్డ ఉండాలి. సబ్బుతో ఉతికి చాటున కాదు, ఎండలో ఆరేయాలి. ప్యాడ్ అయితే నాలుగైదు గంటలకు ఒకటి మార్చుకోవాలి. సంచిలో ఎప్పుడూ ఒకటి ఉంచుకోవాలి. ప్రభుత్వ బడుల్లో ఏడు నుంచి పన్నెండో తరగతి ఆడపిల్లలకు ప్యాడ్లు ఇచ్చే పథకం 2021లో 'స్వేచ్ఛ' పేరుతో మొదలైంది. ఇప్పుడు తమ బడిలో ఏం ఇస్తున్నారో తల్లి వెళ్లి టీచరమ్మను అడిగి వచ్చింది. వెనక బెంచీ సంగతి కూడా చెప్పింది. టీచరమ్మ రాసుకుంది.

తండ్రితో మాట్లాడడం అంత తేలిక కాలేదు. రెండు రాత్రులు పట్టింది. "ఆడపిల్ల, రోజులు బాగాలేవు" అన్నాడు. ఆ భయం ఉత్తిది కాదు. తల్లి కాదనలేదు. "మనిద్దరం పనిలోకి పోతే ఇంట్లో ఒంటరిగా ఉండేది అదే. అప్పుడు మాత్రం భయం లేదా? బడిలో నలుగురి మధ్య ఉంటుంది. వీధిలో ముగ్గురు పిల్లలు కలిసి పోతున్నారు, వాళ్లతో పంపిద్దాం" అంది. పెళ్లి మాట వస్తే "చట్టం ఒప్పుకోదు. ఎవరో ఒకరు 1098కి ఫోను చేస్తారు. పందిట్లోకి అధికారులు వస్తారు" అంది. 1098 పిల్లల కోసం పెట్టిన ఫోను నంబరు. డబ్బులు పడవు. ఆపదలో ఉన్న పిల్లలే చేయవచ్చు, చూసినవాళ్లు ఎవరైనా చేయవచ్చు.

"మీ అన్నయ్యకి నువ్వే చెప్పుకో" అన్నాడు చివరికి.

తల్లి ఫోను చేసింది. "అన్నయ్యా, అది బడికి పోతుంది" అంది. అటు నుంచి చాలాసేపు మాటలు వినపడ్డాయి. "దసరాకి వస్తా, అప్పుడు మాట్లాడదాం" అని ఆయన పెట్టేశాడు. ఆ మాట ఇంకా మిగిలే ఉంది.

జూన్‌లో బడి తెరిచారు. మొదటిరోజు పొద్దున్నే మబ్బు పట్టింది. పిల్ల అద్దం ముందు జడ రెండుసార్లు వేసుకుంది. తల్లి చూసింది కానీ నవ్వలేదు. రిబ్బను అందించింది. వీధి చివర ముగ్గురు పిల్లలు నిలబడి పిలుస్తున్నారు. చిన్నవాడు గోళీలు జేబులో వేసుకుంటుంటే అక్క గోల పెట్టి తీయించింది.

"గొడుగు మర్చిపోయావే!" అని నాయనమ్మ గుమ్మంలోంచి కేక వేసింది. పిల్ల వెనక్కి పరుగెత్తుకొచ్చి గొడుగు అందుకుని మళ్లీ పరుగెత్తింది.